కారు ఏసీ గ్యాసూ, కంటికి కనబడని పాపమూ

మార్చి దాటి ఎండలు ముదరగానే కార్ల షెడ్లలో తరచూ వినబడే మాట ఒకటుంది: "ఏసీ కూలింగ్ రావడం లేదు, గ్యాస్ కొట్టండి." మెకానిక్ బానెట్ ఎత్తుతాడు. ఏసీ పైపు మీద చిన్న ప్లాస్టిక్ మూత తీస్తాడు. దాని కింద టైరు వాల్వులో ఉండేలాంటి సన్నటి పిన్ను ఉంటుంది. లోపల మిగిలిన పాత గ్యాస్‌ను ఖాళీ చేయాలనుకుంటే, చాలా షెడ్లలో స్క్రూడ్రైవర్ మొనతో ఆ పిన్నును నొక్కి పట్టుకుంటారు. బుస్సుమంటూ తెల్లటి ఆవిరి చిమ్ముతుంది, దాంతోపాటు నూనె తుంపర పడుతుంది, పిన్ను చుట్టూ క్షణాల్లో మంచు పేరుకుంటుంది. కాసేపటికి చప్పుడు ఆగిపోతుంది. వాసన లేదు, పొగ లేదు, అక్కడున్నవాళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. తరవాత కొత్త గ్యాస్ ఎక్కిస్తారు, చల్లగాలి వస్తుంది, డబ్బులిచ్చి బండి తీసుకుపోతారు. ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఆ కాసేపటి గురించే. ఎవరికీ చెడు చేయాలన్న తలంపు లేకుండా, కంటికి ఆనే నష్టమేదీ లేకుండా, పదిమందీ చేసే పద్ధతిలోనే జరిగిన ఈ పనిలో పాపం ఉందా? ఉంటే అది ఎవరిది?

ఇదీ ఒక ప్రశ్నేనా అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. చంపడం, దొంగిలించడం, అబద్ధమాడటం గురించి మాట్లాడే మతానికి కారు గొట్టంలో గ్యాస్‌తో ఏం పని అనిపించవచ్చు. కానీ పాపపుణ్యాల గురించి మనకు అలవాటైన ఆలోచనంతా చేసినవాడు ఒకడు, బాధపడినవాడు ఒకడు, ఇద్దరి మధ్యా కళ్లెదుట జరిగిన పని ఒకటి అన్న లెక్క మీద నడుస్తుంది. ఇప్పుడు జరుగుతున్న హానిలో పెద్ద భాగం ఆ లెక్కకు అందదు. చేసేవాడికి ద్వేషం ఉండదు, బాధపడేవాడి పేరు తెలియదు, ఇద్దరి మధ్యా సముద్రాలో దశాబ్దాలో అడ్డు ఉంటాయి. అలాంటి హాని గురించి చెప్పడానికి ధర్మం దగ్గర ఏమీ లేకపోతే అది పూజగదికే పరిమితమైపోతుంది. చెప్పడానికి ఉందని, అది చాలా పాతదని నా వాదన. ఏసీ వాడటం పాపం కాదు. హాని జరుగుతుందని తెలిసే వీలుండి, దాన్ని ఆపే సాధనం అందుబాటులో ఉండి, ఆ సాధనాన్ని చేతిలోకి తీసుకోకపోవడం పాపం.

ఈ గ్యాసుల చరిత్రే ఇందుకు మొదటి సాక్ష్యం. 1920లలో ఫ్రిజ్‌లలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. అవి విషవాయువులు, లీకైతే ఇంట్లో మనుషులు చనిపోయేవారు. ఆ చావులను ఆపాలనే జనరల్ మోటార్స్‌కు పనిచేసిన థామస్ మిడ్గ్లీ, ఆయన సహచరులు 1928లో కొత్త రకం వాయువుల కోసం వెతికి, తరవాత ఆర్-12గా పేరుపడ్డ క్లోరోఫ్లోరోకార్బన్‌ను ముందుకు తెచ్చారు. 1930లో అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో మిడ్గ్లీ ఆ వాయువును గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి వదిలారు. ఆయనకు ఏమీ కాలేదు, కొవ్వొత్తి ఆరిపోయింది. విషం కాదు, మండదు అన్న రెండు సంగతులూ ఒక్క ఊపిరితో రుజువయ్యాయి. ఆయన చూపించింది నిజమే. కానీ ఎవరికి క్షేమం అన్న ప్రశ్నను ఆ సభ మందిరం గోడల వరకే అడిగారు. దేనితోనూ తొందరగా కలవని ఆ స్థిరత్వమే ఆర్-12 గొప్పతనం, ఆ గుణం వల్లనే అది గాలిలో సుమారు నూరేళ్లు నిలిచి, నెమ్మదిగా పై పొరలకు చేరి, అక్కడ సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు విరిగి క్లోరిన్‌ను వదిలింది. ఆ కిరణాలను అడ్డుకునే ఓజోన్‌ను ఈ క్లోరిన్ తినేస్తుందని మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ 1974లో 'నేచర్' పత్రికలో రాశారు. 1985లో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అంటార్కిటికా మీద ఓజోన్ ఎంతగా పలచబడిందో లెక్కలతో చూపించారు. పక్కనున్నవాణ్ని కాపాడిన గుణమే ఎక్కడో ఉన్నవాడి మీదికి అతినీలలోహిత కిరణాలను తెచ్చింది.

మరి మిడ్గ్లీ పాపం చేసినట్టా? 1944లో చనిపోయిన ఆ మనిషికి ఓజోన్ సంగతి తెలిసే దారి లేదు. ఆయన మీద పాపం మోపడం న్యాయం కాదు. బైబిల్‌లో నిర్గమకాండం 21వ అధ్యాయం ఈ తేడాను చాలా స్పష్టంగా పట్టుకుంది. ఎద్దు మనిషిని పొడిచి చంపితే, దానికి పొడిచే అలవాటున్నట్టు ముందు తెలియని యజమాని నిర్దోషి. అలవాటుందని తెలిసి, హెచ్చరిక అంది, అయినా కట్టేయకపోతే ఆ చావు యజమాని మీద పడుతుంది. అదే అధ్యాయంలో గొయ్యి తవ్వి మూత వేయనివాడి మాట కూడా ఉంది. అందులో మరొకడి పశువు పడితే గొయ్యి తవ్వినవాడే నష్టం పెట్టుకోవాలి. పశువు పడాలని అతను కోరుకున్నాడా లేదా అన్నది అక్కడ ఎవరూ అడగరు. పని అదే, ఫలితం అదే అయినా తెలిశాక మనిషి నిలబడే చోటు మారిపోతుంది. 1974కు ముందు వాల్వు పిన్ను నొక్కినవాడు మొదటి యజమాని. ఇప్పుడు తెలిసీ నొక్కేవాడూ, తెలిసీ నొక్కించుకునేవాడూ రెండో యజమానులు.

నేడు రోడ్డు మీదున్న కార్లలో ఎక్కువగా ఉండేది ఆర్-134ఎ. ఇందులో క్లోరిన్ లేదు, ఓజోన్‌కు హాని లేదు. దీని దోషం వేరే. నూరేళ్ల లెక్కలో ఒక కిలో ఆర్-134ఎ భూమిని వేడెక్కించే శక్తి సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమని వాతావరణ శాస్త్రజ్ఞుల అంచనా. చిన్న కారు ఏసీలో పట్టేది అరకిలో అటూఇటూ. అంటే ఆ అరకిలో బుస్సుమని పోతే సుమారు 700 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదిలినట్టు. లీటరు పెట్రోలు కాలితే వచ్చేది 2.3 కిలోలు కాబట్టి ఇది మూడు వందల లీటర్ల పెట్రోలు తగలబెట్టడంతో సమానం. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారు ఐదు వేల కిలోమీటర్లకు పైగా తిరిగితే వదిలేంత పొగను, బండి కదలకుండానే, రెండు మూడు నిమిషాల్లో వదిలేశామన్నమాట. మైలేజీ కోసం టైర్లలో గాలి చూసుకుని, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపే మనిషి కూడా ఈ లెక్క ఎప్పుడూ వినలేదు. వినకపోవడం అతని తప్పని అనను. విన్నాక మాత్రం ఊరుకోవడం కుదరదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. ప్రపంచం ఏటా వదిలేది వేల కోట్ల టన్నులు. అందులో నా 700 కిలోలు ఎంత? నేను మానేసినంత మాత్రాన ఏ ఊరి ఎండా తగ్గదు, ఏ తుపానూ ఆగదు. నా పని వల్ల ఎవరికీ తేడా పడనప్పుడు అది హాని ఎలా అవుతుంది? తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో రాసిన 'రీజన్స్ అండ్ పర్సన్స్'లో ఈ వాదాన్ని ఒక ఊహతో పరీక్షించారు. వెయ్యిమంది బందీలు, వెయ్యిమంది హింసించేవాళ్లు. ఒక్కొక్కడూ ఒక మీట నొక్కుతాడు. అది వెయ్యిమంది బందీల నొప్పినీ ఎవరూ గుర్తించలేనంత కొద్దిగా పెంచుతుంది. అందరూ నొక్కాక బందీలు భరించలేని నొప్పితో అల్లాడతారు. నేను నొక్కినందువల్ల ఎవరికీ తేడా తెలియలేదని వెయ్యిమందీ నిజాయితీగానే చెప్పగలరు. అయినా వాళ్లు నిర్దోషులని మన మనసు ఒప్పుకోదు. తేడా తెలియనంత చిన్నది కావడం వేరు, అసలు లేకపోవడం వేరు. రెంటినీ ఒకటిగా చూపించడంలోనే ఈ అభ్యంతరం తప్పటడుగు వేసింది.

అనుభవం కూడా ఇదే చెబుతోంది. ఓజోన్‌ను పలచన చేసింది ఒక మహా విస్ఫోటనం కాదు. ఫ్రిజ్‌లు, స్ప్రే డబ్బాలు, కారు ఏసీలు, ఒక్కోటీ లెక్కలోకి రానంత చిన్నవి. 1987 సెప్టెంబరు 16న కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఆ చిన్నవాటిని ఒక్కొక్కటిగా పట్టుకుంది. ప్రపంచంలోని దేశాలన్నీ ఆమోదించిన ఒప్పందంగా అది నిలిచింది. మన దేశం 1992లో చేరింది, 2008లో ఈ క్లోరోఫ్లోరోకార్బన్ల తయారీని ఆపేసింది. ఇప్పటి విధానాలు ఇలాగే సాగితే లోకంలో చాలా భాగం మీద ఓజోన్ పొర 2040 ప్రాంతానికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థాయికి వస్తుందని 2022లో ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. చిన్న చిన్న పనులు కలిసి ఆకాశాన్ని పాడుచేయగలవనీ, వాటిని మానుకుంటే అది తిరిగి కోలుకుంటుందనీ ఒకే తరం కళ్లముందు రుజువైంది. "నా ఒక్కడితో ఏమవుతుంది" అన్న మాటకు ఇంతకన్నా గట్టి జవాబు నాకు తెలియదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది, మన దేశంలోనే పుట్టింది. కర్మకు మూలం తలంపు కదా, చెడు తలంపు లేనప్పుడు చెడు కర్మ ఎక్కడిది? ఈ మాట మీద నలందలో జరిగిన వాదాన్ని బౌద్ధుల మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తం భద్రపరిచింది. మహావీరుడి శిష్యుడైన దీఘ తపస్సి శరీరంతో చేసిన పనే అన్నిటికన్నా బరువైన దోషమన్నాడు. బుద్ధుడు మనసుతో చేసిన పనే బరువైనదన్నాడు. మహావీరుడి తరఫున వాదించడానికి వెళ్లిన ఉపాలి అనే గృహస్థు చివరికి బుద్ధుడి వైపు తిరిగాడు. జైనులు ఈ తీర్పును ఒప్పుకోలేదు. కాలికింద పడ్డ పురుగు నీ మనసులో ఏముందో చూసి చావు మానుకోదు కదా అన్నది వాళ్ల పట్టు. పైపైన చూస్తే, షెడ్డులో పిన్ను నొక్కిన మనిషికి బౌద్ధం క్షమాపణ ఇస్తుంది, జైనం ఇవ్వదు అనిపిస్తుంది.

కానీ ఆ రెండు మతాల భిక్షువుల చేతుల్లో ఏమున్నాయో చూడండి. బౌద్ధ భిక్షువు తన దగ్గర ఉంచుకోదగ్గ ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడగట్టే సాధనం ఒకటి. ప్రాణులున్న నీళ్లని తెలిసీ వాడితే దోషమని వినయం, అంటే భిక్షువుల నియమావళి, చెబుతుంది. తలంపే అంతా అన్న బుద్ధుడు, పురుగును చంపాలని నేను అనుకోలేదు కదా అని చెప్పి వడగట్టకుండా తాగేయడానికి ఒప్పుకోలేదు. తలంపు శుభ్రంగా ఉందంటే, చూసుకుని తాగే ఓపిక కూడా అందులో ఉండాలి. చూసుకోకపోవడం తలంపు లేకపోవడం కాదు, అది ఉపేక్ష, మనసు చేసిన పనే. జైనుల సంగతి చెప్పనక్కర్లేదు. నడకలో, మాటలో, భిక్షలో, వస్తువును తీసి పెట్టడంలో, చివరికి ఒంటి మలినాన్ని విడవడంలో కూడా జాగ్రత్త పాటించాలని వాళ్ల మునులకు ఐదు సమితులు విధించారు. వాటిలో చివరిదైన ఉత్సర్గ సమితి, తనకు అక్కర్లేనిదాన్ని ఎక్కడ, ఎలా వదలాలి అన్న ప్రశ్నను ఏకంగా వ్రతం చేసింది. జైన గృహస్థుల్లో ఇంకో ఆచారం ఉంది. నీళ్లు గుడ్డతో వడగట్టాక ఆ గుడ్డలో మిగిలిన ప్రాణులను నేలమీద దులపరు; మరికొన్ని వడగట్టిన నీళ్లు పోసి, అవి ఏ బావి నుంచి వచ్చాయో ఆ బావిలోకే మెల్లగా చేరుస్తారు. సిద్ధాంతంలో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరూ ఆచరణలో ఒకే గుడ్డ దగ్గర కలిశారు. అహింస మంచి మనసుతో పూర్తికాదని, చేతిలో ఒక సాధనం కూడా ఉండాలని ఇద్దరూ ఒప్పుకున్నారు.

వైదిక సంప్రదాయంలో ఈ ఆలోచన గృహస్థు వంటింటి దాకా వచ్చింది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ల కుండ అనే ఐదింటినీ మనుస్మృతి పంచ సూనలంది, అంటే ఇంట్లో ఉన్న ఐదు వధ్యస్థానాలు. వాటిని వాడేటప్పుడు కంటికి ఆనని ప్రాణులు చస్తాయి, ఆ దోషం గృహస్థుకు అంటుతుంది. దాన్ని తీర్చుకోవడానికే రోజూ చేయాల్సిన ఐదు యజ్ఞాలు చెప్పారు, అందులో భూతయజ్ఞమంటే ఇతర ప్రాణులకు తిండి పెట్టడం. కులవ్యవస్థను, స్త్రీల అణచివేతను శాసనం చేసిన ఆ గ్రంథాన్ని 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేడ్కర్, ఆయన అనుచరులు తగలబెట్టారు, అందుకు వాళ్లకు కారణం ఉంది. నేను ఆ గ్రంథాన్ని ప్రమాణంగా తీసుకోవడం లేదు. ఈ ఒక్క ఆలోచనను మాత్రం తీసుకుంటున్నాను, ఎందుకంటే అందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, వంట మానేయమని చెప్పలేదు. బతకడానికి అవసరమైన పనిలో హాని ఉంటుందని ఒప్పుకుని, అందువల్ల నువ్వు అప్పుపడ్డావని చెప్పింది. రెండోది, అప్పు తీర్చే పనిని ఎప్పుడో ఒకసారి చేసే ప్రాయశ్చిత్తంగా కాక, వంటతోపాటు రోజూ చేసే పనిగా పెట్టింది.

ఏసీ విషయంలో ఇది చాలా ముఖ్యం. ఇంత హాని ఉంటే ఏసీ మానేయొచ్చు కదా అనేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం లారీ నడిపే మనిషికి చల్లదనం విలాసం కాదు. కొత్త లారీల్లో డ్రైవర్ క్యాబిన్‌కు ఏసీ ఉండాలని కేంద్రం 2023 డిసెంబరులో నిబంధన తెచ్చింది, తేవాల్సిందే. ముని ధర్మాన్ని గృహస్థు మీద రుద్దితే అది ఎవరూ పాటించని ఆదర్శంగా మిగులుతుంది. గృహస్థుకు కావలసింది వాడుకుంటూ అప్పు తీర్చే పద్ధతి. ఆ అప్పును గుళ్లో దీపంతోనో, ఏడాదికో మొక్క నాటడంతోనో తీర్చుకోవచ్చు కదా అంటే, అది సగం మాటే. దొంగసొత్తు తిరిగి ఇచ్చాకే ప్రాయశ్చిత్తం అన్నది ధర్మశాస్త్రాల మాట. ఆపగలిగిన హానిని ఆపకుండా చేసే పుణ్యకార్యం బాకీ ఎగ్గొట్టి చేసిన దానం అవుతుంది.

మరి కారు ఏసీకి వడపోత గుడ్డ ఏది? అది ఉంది, పెద్ద రహస్యమేమీ కాదు. ముందు ఒక సంగతి తెలియాలి: ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఆవిరవుతూ, ద్రవమవుతూ ఏళ్ల తరబడి తిరుగుతుంది. గొట్టాల గోడల గుండా కొద్దిగా పోతుంది కానీ, ఏటా కొట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. కాబట్టి మొదటి పని లీకు వెతకడం. సబ్బు నురగతోనో, డిటెక్టర్‌తోనో, నీలికాంతి కింద మెరిసే రంగుతోనో అది దొరుకుతుంది. తరచుగా కండెన్సర్ దగ్గరో, రబ్బరు రింగుల దగ్గరో, కంప్రెసర్ సీలు దగ్గరో ఉంటుంది. ఒత్తిడి పెట్టి చూడాలంటే పొడి నైట్రోజన్‌ను రెగ్యులేటర్‌తో వాడాలి. ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తే లోపలి నూనెతో కలిసి పేలుతుంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ వాడితే తేమ చేరడమే కాక, ఒత్తిడిలో ఉన్న గాలితో కలిసిన ఆర్-134ఎ మండే ప్రమాదం కూడా ఉంది. మిగిలిన గ్యాస్‌ను బయటికి కాకుండా రికవరీ మెషీన్‌తో సిలిండర్‌లోకి లాగాలి, శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు. గుడ్డలో మిగిలినదాన్ని బావికే చేర్చే ఆచారానికి షెడ్డులో రూపం ఇదే. ఆ తరవాత వాక్యూమ్ కొట్టాలి. గొట్టాల్లో ఒత్తిడి బాగా పడిపోతే, లోపల చేరిన నీటి చెమ్మ షెడ్డు వేడికే మరిగి ఆవిరై పోతుంది. ఆ చెమ్మ ఉండిపోతే ఆమ్లమై లోహాన్ని తినేస్తుంది. పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలబడితేనే లీకు పోయినట్టు. చివరికి గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి, బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములని రాసి ఉంటే అన్ని గ్రాములు. గేజీలో ముల్లు చూసి అందాజాగా కొట్టడం తప్పు, ఎందుకంటే ముల్లు చూపించే ఒత్తిడి ఆనాటి ఎండను బట్టి మారుతుంది, లోపల ఎంతుందో చెప్పదు. ఎక్కువైతే హై సైడ్‌లో, అంటే కంప్రెసర్ నుంచి గ్యాస్ ఎక్కువ ఒత్తిడితో బయటికొచ్చే వైపు, ఒత్తిడి పెరిగి గొట్టం పగలొచ్చు, కంప్రెసర్ దెబ్బతినొచ్చు. గ్యాస్ ఎక్కించే చిన్న డబ్బాను ఎప్పుడూ హై సైడ్‌కు తగిలించకూడదు, ఆ ఒత్తిడి వెనక్కి తన్ని డబ్బా చేతిలోనే పేలుతుంది.

ఈ జాగ్రత్తలన్నీ దూరానున్నవాళ్ల కోసమే కాదు. ఆర్-134ఎ సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరుగుతుంది, ద్రవంగా కంట్లో పడితే కన్ను గడ్డకడుతుంది. అద్దాలు, చేతి తొడుగులు లేకుండా పిన్ను నొక్కే కుర్రాడు రోజుకు ఎన్నిసార్లు ఆ ప్రమాదం అంచున నిలబడుతున్నాడో ఆలోచించాలి. అది గాలికన్నా బరువు, గోతిలోనో మూసిన గదిలోనో పేరుకుంటే ఊపిరాడదు. పక్కనే మంటో ఎర్రగా కాలిన లోహమో ఉంటే విరిగి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది, అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. చవకని వంటగ్యాస్ జాతి వాయువులు కలిపిన గ్యాస్ ఎక్కిస్తే, డ్యాష్‌బోర్డు వెనక లీకైన రోజున కుటుంబమంతా మండే వాయువు మధ్య కూర్చున్నట్టే. షెడ్డులో కన్నును కాపాడే శ్రద్ధా, ఆకాశాన్ని కాపాడే శ్రద్ధా వేరువేరు కావు. ఒకటి లేనిచోట రెండోది కూడా ఉండదు.

నొక్కింది మెకానిక్ కదా, నేను డబ్బిచ్చానంతే అన్నది మూడో అభ్యంతరం. దీన్ని మన సంప్రదాయాలు చాలా ముందే ఊహించాయి. జైనుల వ్రతాల్లో హింస చేయడం, చేయించడం, చేస్తుంటే ఆమోదించడం మూడూ దోషాలే. పతంజలి యోగసూత్రాలు కూడా హింసను ఇదే విధంగా మూడుగా విడదీసి మూడింటినీ లెక్కలో పెట్టాయి. తొందరగా కానివ్వమన్నవాడు, తక్కువలో కానివ్వమన్నవాడు ఆ పనిలో వాటాదారే. నిజానికి పెద్ద వాటాదారు, ఎందుకంటే పద్ధతిని నిర్ణయించేది అతను ఇచ్చే డబ్బు. 2011లో ఓడల మీద సరుకు చల్లగా ఉంచే కంటైనర్లు కొన్ని పేలి కార్మికులు చనిపోయారు. ఆర్-134ఎ పేరుతో ఎక్కించిన గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ కలిసి ఉందని, అది అల్యూమినియంతో చర్య జరిపి గాలి తగిలితే మండే పదార్థంగా మారిందని తేలింది. మిడ్గ్లీ ఏ విషాన్ని తప్పించాలని బయల్దేరారో అదే విషం ఎనభై ఏళ్ల తరవాత చవక బేరంలో తిరిగొచ్చింది. కల్తీ చేసినవాడు ఒకచోట, కొన్నవాడు ఒకచోట, చనిపోయినవాడు ఇంకొకచోట. బేరమాడి కొన్నవాడి వాటా సున్నా అని ఎవరం అనగలం?

దీనికి జోడుగా వచ్చే మాట: రికవరీ మెషీన్ ఖరీదైనది, చెట్టు కింద షెడ్డు నడుపుకునే మనిషి ఎక్కడినుంచి తెస్తాడు? ఇది న్యాయమైన మాట, దీన్ని పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే దీని అర్థం పాపం మెకానిక్ ఒక్కడిదే కాదని మాత్రమే, పాపమే లేదని కాదు. లక్షల రూపాయల కారు కొన్నవాడు లీకు వెతికే కూలికి వెనకాడుతుంటే, అమ్మిన కంపెనీ సర్వీసు తన షోరూమ్ వరకే చాలనుకుంటుంటే, ఆటోనగర్‌లలో పదిమంది మెకానిక్‌లు కలిసి వాడుకునే ఒక యంత్రానికి ప్రభుత్వం సాయం చేయకపోతే, ఆ బాకీ వాళ్ల మధ్య పంచబడుతుంది. స్తోమత ఉన్నవాడి వాటా పెద్దది. నిజానికి ఇక్కడ మెకానిక్ కూడా బాధితుడే. కన్ను పోయేదీ ఊపిరి పాడయ్యేదీ అతనిదే.

ధనిక దేశాలు వందేళ్లు వదిలాయి, ఇప్పుడు మన వంతు వచ్చేసరికి పాపమా అనే కోపం కూడా ఉంది. ఆ కోపంలో నిజం ఉంది, ఆ నిజాన్ని అంతర్జాతీయ ఒప్పందమే ఒప్పుకుంది. 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలిలో మాంట్రియల్ ఒప్పందానికి కుదిరిన సవరణ ప్రకారం ధనిక దేశాలు 2019లోనే ఆర్-134ఎ లాంటి హైడ్రోఫ్లోరోకార్బన్లను తగ్గించడం మొదలుపెట్టాలి. మన దేశానికి 2028లో పెరుగుదల ఆగితే చాలు, కోత 2032లో మొదలై 2047కు 85 శాతానికి చేరాలి. మన దేశం దాన్ని 2021లో ఆమోదించింది. అంటే ముందు తిన్నవాడు ముందు కట్టాలన్న న్యాయం జరిగింది. వంతు తరవాత రావడం వేరు, వంతే లేకపోవడం వేరు. పైగా ఈ ఎండ దెబ్బ మొదట తగిలేది న్యూయార్క్‌లో ఉన్నవాడికి కాదు, పల్నాడులో మిరప కోసే కూలీకి. ఇంకో సంగతి: ఈ ఒప్పందాలు దేశాలు ఎంత తయారు చేస్తున్నాయో, ఎంత వాడుతున్నాయో లెక్కిస్తాయి. షెడ్డులో ఎవరు ఏ పిన్ను నొక్కారో చూడవు. అక్కడ చూడగలిగేవాళ్లు ఇద్దరే, బండి యజమానీ మెకానికూ.

కొత్త గ్యాస్ వస్తోంది కదా, దాంతో సమస్య తీరిపోతుందనే ఆశ చివరిది. ఆర్-1234వైఎఫ్ భూమిని వేడెక్కించే శక్తి దాదాపు లేనట్టే, ఐరోపాలో కొత్త కార్లకు పాత గ్యాస్ 2017 నుంచే నిషిద్ధం. కానీ ఇది కొద్దిగా మండుతుంది, గాలిలో విరిగాక ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లమై వానతో కిందికి దిగి నీళ్లలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆర్-12 క్షేమమన్నారు, ఆర్-134ఎ క్షేమమన్నారు, రెండుసార్లూ ఆ క్షేమం ఎవరిదన్న ప్రశ్నను సగమే అడిగారు. గ్యాస్ మారినంత మాత్రాన శ్రద్ధ అవసరం పోదు. రోడ్ల మీద ఆర్-134ఎ నిండిన కార్లు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి, వాటిలో ప్రతి అరకిలో ఎప్పుడో ఒకప్పుడు సిలిండర్‌లోకో ఆకాశంలోకో పోవాల్సిందే.

అందుకే ఈ వేసవిలో బండిని షెడ్డుకు తీసుకెళ్లినప్పుడు, గ్యాస్ కొట్టమని చెప్పేముందు లీకు ఎక్కడుందో చూడమనండి. పాత గ్యాస్‌ను ఎందులోకి తీస్తారో అడగండి. గాలిలోకే అని జవాబొస్తే యంత్రం ఉన్న చోటికి వెళ్లండి, దగ్గర్లో లేకపోతే ఉన్న ఊరిదాకా వెళ్లండి. పని చేసే కుర్రాడి కళ్లకు అద్దాలున్నాయో లేదో చూడండి, లేకపోతే పెట్టుకున్నాకే మొదలుపెట్టమనండి. లీకు వెతికిన గంటకూ, తూకం వేసి ఎక్కించిన గ్యాస్‌కూ ఎంత అడిగితే అంత, బేరమాడకుండా ఇవ్వండి.